లాగిన్ అడగని రీడర్: పాకెట్‌బుక్ వర్స్ గురించి ఒక ప్రూఫ్‌రీడర్ మాట

పాకెట్‌బుక్ వర్స్ అనేది ఈ-పుస్తకాలు చదువుకునే పరికరం, అంటే ఈ-రీడర్. ఆన్ చేయగానే భాష ఏది కావాలంది. జాబితాలో తెలుగు లేదు, ఇంగ్లీషు పెట్టాను. తర్వాత తేదీ, టైము అడిగింది. ఆ పైన ఈమెయిలో, ఫోన్ నంబరో, ఓటీపీయో అడుగుతుందని చూశాను. అడగలేదు. నేరుగా పుస్తకాల అర తెరుచుకుంది. వైఫై ఉంది, కావాలనుకుంటే వాళ్ల క్లౌడ్‌లో ఖాతా కూడా తెరుచుకోవచ్చు. వద్దనుకుంటే వద్దు, చదువుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఈ రీడర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నేను చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒత్తులు, పొల్లులు, దీర్ఘాలు వెతికిన కళ్లు ఇంటికొచ్చాక ఫోన్ తెర మీద చదవమంటే మొరాయిస్తాయి. అందుకని మా అక్క కొడుకు జర్మనీ నుంచి వస్తూ దీన్ని తెచ్చాడు. "చిన్నమ్మా, దీనికి పాస్‌వర్డ్ లేదు, భయపడకు" అంటూ చేతిలో పెట్టాడు. కానుకగా వచ్చిన వస్తువు కదా, పెట్టిన డబ్బుకు గిట్టుబాటా కాదా అన్న లెక్క జోలికి పోను. తెలుగు చదివేవాళ్లకు ఇది ఎలా పనికొస్తుందో మాత్రం చెబుతాను.

పాకెట్‌బుక్ 2007లో యుక్రెయిన్‌లో మొదలైన కంపెనీ. ఇప్పుడు దాని ముఖ్య కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఉంది. వర్స్ అనేది వాళ్ల చిన్న మోడళ్లలో ఒకటి. తెర 6 అంగుళాలు, 1024×758 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 212 చుక్కలు. లోపల 8 జీబీ జాగా, పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే వీలు. టచ్ ఉంది, తెర కింద పేజీ తిప్పే బటన్లూ ఉన్నాయి. రాత్రిపూట లైటు రంగును పసుపు వైపు తిప్పుకోవచ్చు. తెలుపు ఎక్కువైతే నాకు తలనొప్పి, కాబట్టి నాది ఎప్పుడూ పసుపు వైపే ఉంటుంది. కెమెరా, మైకు లాంటివేమీ లేవు.

దీనికి ముందు మా ఇంట్లో ఇంకో కంపెనీ రీడర్ ఉండేది. పేరెందుకులెండి. దాన్ని మా అబ్బాయి తన ఖాతా మీద రిజిస్టర్ చేసి ఇచ్చాడు. నాకేమో డిటెక్టివ్ నవలల పిచ్చి. నేను ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లో కూచుని ఒక హత్య కథ తెరిస్తే, అక్కడ గచ్చిబౌలిలో వాడి ఫోన్‌లో "మీకు ఇవి కూడా నచ్చవచ్చు" అంటూ ఇంకో పది హత్యలు ప్రత్యక్షమయ్యేవి. వాడు చదివే మేనేజ్‌మెంటు పుస్తకాల అట్టలు నా అరలోకి వచ్చి కూర్చునేవి. "అమ్మా, నువ్వు రాత్రి రెండింటి దాకా మేలుకునే ఉన్నావా?" అని ఒకరోజు అడిగాడు. ఏ పేజీ దాకా చదివానో, ఎప్పుడు చదివానో వాడి ఫోన్‌కు తెలిసిపోతోంది మరి. కొడుకే కదా, పరాయివాడు కాదు. అయినా నేను ఏ పేజీలో ఉన్నానో ఇంకొకరికి తెలియాల్సిన అవసరం ఏముంది? తర్వాత వాడు ఫోన్ నంబరు మార్చాడు. రీడర్ ఒకసారి మొత్తం రీసెట్ అయి, పాత నంబరుకు కోడ్ పంపాను, చెప్పు అని కూచుంది. కస్టమర్ కేర్‌తో మాట్లాడి మాట్లాడి వాడికి విసుగు పుట్టింది. పుస్తకాలు ఎక్కడికీ పోలేదు, భద్రంగానే ఉన్నాయన్నారు. భద్రంగా ఉన్నాయి, నాకు అందవు, అంతే.

సరే, ఖాతా తెరిస్తే బోలెడు పుస్తకాలు దొరుకుతాయి కదా, ఆ మాత్రం ఇబ్బంది పడాలి అంటారు. ఇంగ్లీషు చదివేవాళ్ల సంగతైతే ఒప్పుకుంటాను. తెలుగువాళ్లకు ఆ లెక్క కుదరదు. అమెజాన్ 2016 డిసెంబరులో తన ఈ-రీడర్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తీసుకుంది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. అంత పెద్ద అంగడిలో మన అర దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు గుమ్మం దగ్గర పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి లోపలికి వెళ్లి నేను కొనేదేముంది? నా పుస్తకాలు ఎలాగూ వేరే చోట్ల నుంచి రావాలి. అలాంటప్పుడు వాటిని పెట్టుకునే డబ్బా సాదాగా ఉంటేనే మేలు.

పైగా ఖాతా ఉన్నచోట తాళం చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. 2009 జూలైలో జార్జ్ ఆర్వెల్ నవలలను హక్కులు లేని వాళ్లెవరో అమ్మారని తెలిసి, జనం అప్పటికే కొనుక్కున్న ప్రతులను అమెజాన్ దూరం నుంచే వాళ్ల కిండిళ్లలోంచి చెరిపేసింది. డబ్బు వాపసు ఇచ్చింది, తర్వాత అప్పటి కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణా చెప్పాడు. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కూడా కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చి పుస్తకాలు తీసేసుకుంది. 2025 ఫిబ్రవరి 26 నుంచి, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని కేబుల్‌తో ఎక్కించుకునే సౌకర్యమూ ఆగిపోయింది. ఖాతా తెరిచేటప్పుడు షరతుల కాగితం ఒకటి ఒప్పుకుంటాం. ఆ కాగితం ఎవరు చదువుతారు? ప్రూఫులు చదివే నేనే చదవను.

వర్స్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఫైలు లాగి అందులో వేయడమే. ఈపబ్ (తెర వెడల్పుకు తగ్గట్టు వరుసలు సర్దుకునే ఈ-పుస్తకం ఫైలు), పీడీఎఫ్, మోబీ, డీజేవీయూ, వర్డ్ ఫైళ్లు, ఇంకా ఏవేవో కలిపి పాతిక రకాలు తెరుస్తుందని డబ్బా మీద ఉంది. నాకు ఈపబ్, పీడీఎఫ్ రెండే చాలు. కంప్యూటర్‌లో పుస్తకాలు సర్దుకోవడానికి క్యాలిబర్ వాడుతున్నాను. కోవిద్ గోయల్ అనే మన భారతీయుడు 2006లో మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అది.

ఇక అసలు సంగతి, తెలుగు. రీడర్‌తో వచ్చిన యాప్‌ను నేను వాడటం లేదు. వచ్చిన రోజే మా అబ్బాయి చేత కోరీడర్ అనే ఇంకో చదివే యాప్ వేయించాను. అదీ ఉచితమే, అదీ నువ్వెవరివని అడగదు. ఫోల్డరు కాపీ చేస్తే పాకెట్‌బుక్‌లో ఎక్కేస్తుంది, తాళాలు బద్దలు కొట్టే పని లేదు. అక్షరాలను కూర్చడానికి అది వాడేది హార్ఫ్‌బజ్ అనే ఇంజను. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ మన ఒత్తులు సరిగ్గా కనిపించడం వెనక ఉన్నదీ అదే.

ఏ కొత్త తెర దొరికినా నేను ముందు నాలుగు మాటలు రాసి చూస్తాను: జ్యోత్స్న, స్వాతంత్ర్యం, ఈర్ష్య, ఉచ్ఛ్వాసం. వీటిలో ఒకటి విడిపోయి మధ్యలో పొల్లు తేలినా ఆ యంత్రం తెలుగుకు పనికిరాదన్నట్టే. ఇందులో నాలుగూ నిలబడ్డాయి. జ్యోత్స్నలో సకారం, దాని కింద నకారం ఒకదాన్నొకటి తొక్కకుండా చక్కగా కుదురుకున్నాయి. ఫాంటు మాత్రం మనమే తెచ్చి వేసుకోవాలి. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో మండలి నాకు నచ్చింది. మిగిలినవి చాలావరకు శీర్షికలకు బాగుంటాయి, పేజీలు పేజీలు చదవడానికి మండలే హాయి. కోరీడర్‌లో ఫాంట్స్ అనే ఫోల్డరులో ఆ ఫైలు వేస్తే మెనూలో పేరు కనిపిస్తుంది.

ఇంకో మాట. వరుసల మధ్య ఎడం పెంచుకోండి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో తెలుగు పెడితే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. క్ష కింద య ఒత్తు, దాని కింది వరుసలో ఏత్వం వచ్చిన చోట ఏది ఎవరిదో అర్థం కాదు. ఎడం పెంచి, అక్షరం కూడా ఇంగ్లీషు కన్నా ఒక సైజు పెద్దది చేస్తేనే 212 చుక్కల తెర మీద పాత అచ్చులో రకారానికి వాడే వలపలగిలకలు, అరసున్నలు తేటగా కనిపిస్తాయి. దానికి మూల్యం ఏమిటంటే పేజీకి పట్టే వాక్యాలు తగ్గిపోతాయి, బటను ఊరికే నొక్కుతూ ఉండాలి. 300 చుక్కల తెర అయితే ఈ బాధ కొంత తగ్గుతుంది, ఆ మోడళ్లు ఇంకాస్త ఖరీదు.

పుస్తకాలు ఎక్కడివి అంటారా? తెలుగు వికీసోర్స్ అనే ఉచిత సైటు నాకు మొదటి దుకాణం. రచయిత చనిపోయిన 60 ఏళ్ల తర్వాత మన దేశంలో కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి పాత తరం వాళ్ల రచనలు అక్కడ టైపు చేసి పెట్టారు. టైపు చేసిన పుస్తకం ఏదైనా ఈపబ్‌గా దింపుకోవచ్చు. దిద్దినవాళ్లు ఎవరో ఊరూపేరూ తెలియని వాళ్లు, కొన్ని పుస్తకాల్లో మా ప్రెస్సు కన్నా తప్పులు తక్కువ. ఇది మా ఓనరు గారు చదవకపోతే బాగుండు.

అక్కడ లేనివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద గ్రంథాలయాల్లో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. అయితే అవన్నీ బొమ్మలు, అక్షరాలు కావు. డెమీ సైజు పేజీ వెడల్పు ఐదున్నర అంగుళాలు, ఈ తెర వెడల్పు మూడున్నర. ఉన్నది ఉన్నట్టు పెడితే చీమలు పాకినట్టు ఉంటుంది. కోరీడర్‌లో చుట్టూ ఉన్న ఖాళీ మార్జిన్లు కత్తిరించే వీలుంది, దానితో సగం సమస్య తీరుతుంది. తెరను అడ్డంగా తిప్పి పేజీని రెండు మూడు ముక్కలుగా చదవడం ఇంకో పద్ధతి. రీఫ్లో అని ఉంది, అది చూస్తే నాకు ముచ్చటేసింది. స్కాన్ బొమ్మలోంచి ఒక్కో మాటను ముక్కగా కత్తిరించి, ఈ చిన్న తెర వెడల్పుకు మళ్లీ వరుసలుగా పేర్చి చూపిస్తుంది. పాత లెటర్‌ప్రెస్ అచ్చు, దాని సిరా మరకలతో సహా, పెద్దదై కళ్ల ముందు నిలబడుతుంది. శుభ్రంగా స్కాన్ అయిన పేజీలైతేనే. వంకరగా పడ్డ పేజీ, వెనక పేజీ నీడ కనిపించే పేజీ వస్తే మాటలు అటూ ఇటూ పోతాయి. చిన్న ప్రాసెసరు కాబట్టి ఒక్కో పేజీకి కాసేపు ఆగాలి కూడా.

కొత్త పుస్తకాల దగ్గరే చిక్కు. మన ప్రచురణ రంగం ఏళ్ల తరబడి అను ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద నడిచింది. ఆ ఫైళ్లు యూనికోడ్ (ఏ యంత్రమైనా తెలుగును తెలుగుగానే గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. పీడీఎఫ్‌లో చూడటానికి అచ్చమైన తెలుగే. దాన్ని క్యాలిబర్‌లో ఈపబ్‌గా మారిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా వచ్చి పడతాయి. అందులో ఒక్క తెలుగు మాట ఉండదు. మా ప్రెస్సులో డీటీపీ చేసే అబ్బాయి ఇప్పుడు కొన్ని పుస్తకాలు యూనికోడ్‌లోనే కడుతున్నాడు. వాటిని ఈపబ్ చేయడం తేలిక. చేసినా అమ్మకానికి పెట్టరు, పైరసీ భయం. ఆ భయం తప్పనను. కానీ అవే పుస్తకాలు ఎవరో ఫోన్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేస్తే టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. దొంగ ప్రతి సులువుగా దొరుకుతుంది, డబ్బిచ్చి కొంటానన్నవాడికి మాత్రం దారి లేదు. రక్షణ పేరుతో తాళం వేసి అమ్మే ఈపబ్‌లు కొన్ని ఉన్నాయి గానీ, అవి తెరవాలంటే అడోబీ ఐడీ కావాలి. అంటే ముందు గుమ్మంలో వద్దన్న ఖాతా దొడ్డిదారిన వచ్చి కూర్చుంటుంది. పాకెట్‌బుక్ ఆ తాళాన్నీ తీయగలదు, నేనే ఆ ఐడీ పెట్టుకోలేదు.

యూనికోడ్ ఫైళ్లలోనూ ఒక పానకంలో పుడక ఉంది. తెర మీద "ఫేస్‌బుక్" అని సకారం పొల్లుతో నిలవాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉండాలి. ఫైలు ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారేటప్పుడు ఎవరైనా దాన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తే బకారం వెళ్లి సకారం కింద ఒత్తు అవుతుంది. రీడర్ తప్పు కాదది. మామూలు పాఠకులు గమనించరు కూడా. నాకు మాత్రం చేతిలో ఎర్ర పెన్ను లేదే అనిపిస్తుంది.

నిఘంటువు సంగతి. కోరీడర్‌లో స్టార్‌డిక్ట్ అనే ఫైలు రూపంలో ఉన్న నిఘంటువులు ఏవైనా వేసుకోవచ్చు, ఇంటర్నెట్ అక్కర్లేదు, మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే అర్థం వస్తుంది. ఇంగ్లీషుకు బ్రహ్మాండం. తెలుగుకు వచ్చేసరికి మన భాష తీరే అడ్డం పడుతుంది. "గుమ్మంలోంచి" మీద వేలు పెడితే నిఘంటువులో ఆ మాట ఉండదు, "గుమ్మం" మాత్రమే ఉంటుంది. విభక్తులు, సంధులు విడదీసే తెలివి దానికి లేదు. మనమే ఆ మాటను సరిచేసి వెతకాలి. పాత కావ్యాలు చదివేవాళ్లు ఈ సౌకర్యం మీద పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు.

నా చదువు చాలావరకు మెట్రోలోనే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైనుకు మారి చిక్కడపల్లిలో దిగుతాను. పొద్దున సీటు దొరకడం కల్ల. ఒక చేత్తో పైన పట్టీ, ఇంకో చేత్తో రీడరు, బొటనవేలితో బటను. ఇక్కడే ఆ బటన్ల విలువ తెలిసింది, టచ్ ఒక్కటే ఉంటే ఒంటిచేత్తో పేజీ తిప్పడం కష్టమయ్యేది. మలక్‌పేట దాటాక కిటికీలోంచి ఎండ సూటిగా కొడుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఈ తెరకు ఎండ ఎంత పడితే అంత మంచిది. లోపల నల్ల, తెల్ల రేణువులు కరెంటు తగిలినప్పుడు కదిలి అక్షరాలవుతాయి, తర్వాత కరెంటు లేకపోయినా అక్కడే ఉంటాయి. అందుకే పేజీ మారినప్పుడు తప్ప తెర బ్యాటరీ తినదు. తినేదల్లా లైటూ, వైఫైయూ. వైఫై నేను ఆపేసి ఉంచాను కాబట్టి ఛార్జర్ ఎక్కడ పెట్టానో వెతుక్కునేంత అరుదుగా దానితో పని పడుతోంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఫోన్‌కు అలవాటు పడ్డ చేతికి ఇది మందకొడి. మెనూ తెరిస్తే ఒక క్షణం ఆలోచిస్తుంది, తెర మీద పాత పేజీ నీడ అప్పుడప్పుడు మిగులుతుంది. ప్రూఫు పీడీఎఫ్ చదవవచ్చు గానీ దిద్దడానికి వీల్లేదు, పెన్ను పనిచేయదు. బయటి దేశం నుంచి తెచ్చింది కాబట్టి తెర పగిలితే కోఠీకో సికింద్రాబాద్ సీటీసీకో పట్టుకెళ్లి బాగు చేయించుకునే వస్తువు కాదు. ఖాతా లేదు కాబట్టి ఎక్కడా నకలు ఉండదు. రీడర్ పోతే అందులో గుర్తులు పెట్టుకున్న పేజీలూ దానితోపాటే పోతాయి. పుస్తకాల ఫైళ్లన్నీ కంప్యూటర్‌లో ఇంకో ప్రతి ఉంచుకోవడం మన బాధ్యత. రీడర్‌లో సగం చదివి మిగతా సగం ఫోన్‌లో అదే పేజీ నుంచి అందుకునేవాళ్లకు ఇది నచ్చదు.

కోబో రీడర్లనూ ఖాతా లేకుండా నడపవచ్చు. కంప్యూటర్‌కు తగిలించి సెట్టింగుల ఫైలులో సైడ్‌లోడెడ్‌మోడ్ అన్న వరుస చేరిస్తే లాగిన్ తెర దాటిపోతుంది. కంప్యూటర్ ఫైళ్లలో చెయ్యి పెట్టడం అలవాటున్నవాళ్లకు అదీ మంచి దారే. నా వయసు వాళ్లకు పాకెట్‌బుక్ తేలిక.

మా ప్రెస్సులో బైండింగ్ చూసే ఆయన ఒకటి కొనుక్కోమంటారా అని అడిగారు. ఆయన చదివేది వారపత్రికలు, కొత్త నవలలు. మీకు వద్దన్నాను, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదే మీ పుస్తకాలు దొరుకుతాయి. పాత పుస్తకాల పిచ్చి ఉండి, స్కాన్ పీడీఎఫ్‌లు కంప్యూటర్ నిండా పెట్టుకుని, కూర్చుని చదవలేక వదిలేసినవాళ్లు మాత్రం తీసుకోవచ్చు. వాళ్లు 6 అంగుళాలది కాకుండా 7.8 అంగుళాల తెర ఉన్న మోడల్ చూసుకుంటే డెమీ పేజీతో అన్ని అవస్థలు పడక్కర్లేదు. ఆయన అదంతా విని, మరి దీనికి అట్ట ఏది మేడమ్ అన్నారు. కవరు వేరే కొనుక్కోవాలని చెబితే మర్నాడు కాలికో గుడ్డతో, రెక్సిన్ వెన్నుతో గట్టి అట్ట ఒకటి కట్టి తెచ్చారు. ఛార్జింగ్ కేబుల్‌కు కన్నం పెట్టడం మర్చిపోయారు, అది ఈ వారం చేసిస్తానన్నారు.